జంటగా రాసిన వరసలు

మొగుడూపెళ్ళాలు విడిపోకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటులో అన్నాచెల్లెళ్ళం మేం చేరాం. డాక్టరీ చివరి ఏడాదిలో రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలో పై శిక్షణ సీటుకి దరఖాస్తు పెట్టేటప్పుడు, కావాలంటే ఇద్దరు కలిసి జంటగా పెట్టుకోవచ్చు. పెళ్ళి కాగితం ఎవరూ అడగరు. ఆ ఏడు మా కాలేజీలో జంటగా పెట్టినవాళ్ళంతా ప్రేమికులే, మేం తప్ప.

అన్నయ్య జోమర్ నాకంటే రెండేళ్ళు పెద్ద. మధ్యలో చదువాపి రెండేళ్ళు అమ్మ కొట్టులో నిలబడ్డాడు. అందుకే మా ద్వీపంలోనే పోన్సే ఊళ్ళో మెడికల్ కాలేజీకి వచ్చేసరికి ఇద్దరం ఒకే తరగతిలో తేలాం. మా ఇంట్లోంచి కాలేజీ గడప తొక్కినవాళ్ళం మేమిద్దరమే. వాడికి సర్జరీ కావాలి. నాకు ఫ్యామిలీ మెడిసిన్. జంటగా పెట్టమన్నది మాత్రం మామీ, అమ్మని మేం అలాగే పిలుస్తాం. వెళ్తే ఇద్దరూ ఒకే ఊరికి వెళ్ళాలి అంది. ఆసుపత్రులు వేరైనా ఫరవాలేదు, తుఫానొచ్చి ఫోన్లు పోయినా ఒకరి తలుపు ఒకరు నడిచెళ్ళి తట్టగలగాలి. మరియా తుఫానప్పుడు మా ఇద్దరి కబురూ తెలియక ఆవిడ గడిపిన రోజుల గురించి మా ఇంట్లో మాట్లాడుకోం. అందుకని ఎదురు చెప్పలేదు.

మామీ కొట్టు అర్రోయోలో, సముద్రం పక్క రోడ్డు మీద. పచ్చి అరటి ముద్దలో పీత మాంసం కూరి వేయించే అల్కపూరియాలు ఆవిడ చేతివి తింటే ఇంకోచోట తినలేరని పేరు. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, నూనె మూకుడు ముందు నిలబడే మా లెక్కంతా విన్నది.

"మళ్ళీ చెప్పు. మీకు నచ్చిన ఆసుపత్రులు మీరు వరసగా రాస్తారు."

"రాస్తాం. మమ్మల్ని ఇంటర్వ్యూ చేసినవాళ్ళు మమ్మల్నీ వరసగా రాసుకుంటారు," అన్నాను.

"వాళ్ళ వరస మీరు చూస్తారా?"

"చూడం."

"మీది వాళ్ళు?"

"చూడరు, మామీ."

"మరి ఎవడు చూస్తాడు?"

"కంప్యూటర్," అన్నాడు జోమర్, మూకుట్లోంచి ఒకటి తీసుకుని నాలుక కాల్చుకుంటూ. "మేమిద్దరం జంటలుగా రాస్తాం. మొదటి వరసలో నాకీ ఆసుపత్రి, దీనికా ఆసుపత్రి. రెండు చోట్లా రెండు పేర్లూ ఒప్పుకుంటేనే ఆ వరస పండినట్టు. ఒకచోట కాదన్నారా, రెండోవాళ్ళు రమ్మన్నా లాభం లేదు. కింది వరసకి దిగాలి."

"కాడికి కట్టిన ఎద్దులన్నమాట. ఒకటి కుంటితే రెండోదీ నడవదు."

"సర్జరీ అడిగింది నేను. కాబట్టి కుంటెద్దుని నేనే."

బల్ల దగ్గర పక్కింటి దోన్ ఎఫ్రాయిన్ కాఫీ తాగుతున్నాడు. ఆయన రోజూ అక్కడే ఉంటాడు. పెద్దాయనల్ని దోన్ అనీ పెద్దావిడల్ని దోన్యా అనీ గౌరవంగా పిలవటం మా వాళ్ళ అలవాటు. "ఇదేదో పెళ్ళిచూపుల్లాగుందమ్మాయ్," అన్నాడు నాతో. "చూసుకునేది మీరూ మీరూ, తాళి కట్టించేది మిషనూ. నచ్చకపోతే మానుకోవచ్చా?"

"కుదరదు, దోన్ ఎఫ్రాయిన్. ఎక్కడ పడితే అక్కడికి పోవాల్సిందే. ముందే సంతకం పెట్టేస్తాం."

"మా ఆవిడతో నాకూ అంతే అయింది," అన్నాడాయన.

నవ్వాం. ఆ ఏడాది అంత తేలిగ్గా నవ్విన చివరి మధ్యాహ్నం అదేననుకుంటాను.

ఇంటర్వ్యూలన్నీ వీడియోలోనే. మామీ పడకగది గోడకి తెల్ల దుప్పటి కట్టి, బీరువా కనపడకుండా చేశాం. పైన కోటు, టై, కింద నిక్కరు. నాకు పధ్నాలుగు చోట్ల నుంచి పిలుపొచ్చింది. జోమర్‌కి ఐదు. మా ద్వీపంలో ఉన్న కొద్ది సీట్లకి ఇద్దర్నీ ఎవరూ పిలవలేదు. ఇద్దరికీ కలిసిన ఊళ్ళు మూడే తేలాయి: కనెటికట్‌లో ఒకటి, ఓహాయోలో టొలీడో, ఫ్లోరిడాలో ఓర్లాండో.

టొలీడో వాళ్ళు జోమర్‌తో మాట్లాడింది ఎన్నికల ముందు. అవతల ముగ్గురు ప్రొఫెసర్లు. "మీ గురించి చెప్పండి" అన్నారో లేదో, మా వీధి మలుపులో ప్రచారం లారీ తిరిగింది. ఒంటినిండా లౌడ్ స్పీకర్లు కట్టుకున్న ఆ లారీల్ని మా వాళ్ళు కొబ్బరికాయలు రాల్చేవి అంటారు, అంత మోత. కిటికీ అద్దాలు కదిలిపోతున్నాయి. నేను తలుపు పక్కన నక్కి వింటున్నాను. జోమర్ పెదాలు కదులుతున్నాయి కానీ ఒక్క మాట వినపడటం లేదు.

మామీ వంటింట్లోంచి చేతిలో జల్లిగరిటెతోనే వీధిలోకి పరిగెత్తింది. లారీకి అడ్డంగా నిలబడింది.

"ఆపరా! లోపల నా కొడుకు పరీక్షలో ఉన్నాడు!"

"ఆపితే నా రోజు కూలి పోతుంది, దోన్యా!"

"ఆపకపోతే నీ పళ్ళు పోతాయి. దిగు. కొట్టు దగ్గరికొచ్చి కడుపునిండా తిను. మీ నాయకుడికి నా ఓటు కూడా వేస్తాను పో."

పాట ఆగింది. ఒక్కసారిగా వచ్చిన ఆ నిశ్శబ్దంలో లోపల ఒక ప్రొఫెసర్ అడగటం వినపడింది, ఏమిటా శబ్దమని. "ఎన్నికలండీ," అన్నాడు జోమర్. "ఆపింది మా అమ్మ." ముగ్గురూ గట్టిగా నవ్వారు.

ఆ తర్వాత వారం రోజులు మేం తేల్చుకోలేకపోయిన విషయం అదే. నవ్వారంటే నచ్చినట్టా? నవ్వించినవాణ్ణి సర్జరీలోకి తీసుకుంటారా? సగం సమయం లారీకి పోయిందని తక్కువ రాసుకుంటారా? మనసులో ఏముందో చెప్పేవాడు ఒక్కడూ లేడు. చివర్లో అందరూ అడిగేది ఒకటుంది: మమ్మల్నేమైనా అడుగుతారా అని. ఏమీ లేదంటే ఆసక్తి లేదనుకుంటారట. అందుకని లేని సందేహాలు ముందే తయారుచేసుకుని పెట్టుకునేవాళ్ళం. నిజంగా అడగాలనుకున్నది మాత్రం ఎవర్నీ అడగలేదు.

క్రిస్మస్ ముందు కనెటికట్ సర్జరీ పెద్దాయన దగ్గర్నుంచి జోమర్‌కి మెయిలొచ్చింది. మాట్లాడినందుకు సంతోషం, మీలాంటివాళ్ళు మాతో ఉండటం మాకు గర్వం, మిమ్మల్ని చాలా పైన చూసుకుంటున్నాం. జోమర్ దాన్ని స్పానిష్‌లో మామీకి చదివి వినిపించాడు. మామీ మళ్ళీ చదివించుకుంది. అదే ఊళ్ళో నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్ళు కూడా బాగానే మాట్లాడారు.

మా వైపు పెద్దమనిషి ఒక మాట అంటే అన్నట్టే. పీతలు పట్టేవాడు బుధవారం తెస్తానంటే బుధవారం తెస్తాడు. మర్నాటి నుంచి కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ మామీ చెప్పటం మొదలెట్టింది, పిల్లలిద్దరికీ కనెటికట్ అయిపోయిందని. అక్కడ మంచు పడుతుందని చర్చిలో ఒకావిడ మాకు ఉన్ని మఫ్లర్లు అల్లింది.

కాలేజీలో మాకు దారి చూపించే డాక్టర్ సాయాస్‌కి ఆ మెయిల్ చూపించాం. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పిల్లలూ, ఇది మాట ఇవ్వటం కాదు. మర్యాద. ఇలాంటివి ఆయన ఎంతమందికి రాసుంటాడో మనకి తెలీదు."

"చాలా పైన అన్నాడు కదండీ," అన్నాను.

"పైన అన్నాడు. ఎంత పైనో అన్నాడా?"

జనవరిలో కాన్సస్ నుంచి జోమర్‌కి ఇంకో పిలుపొచ్చింది, ఎవరో మానుకుంటే ఖాళీ అయిన చోటు. ఆ చుట్టుపక్కల నాకు ఒక్క ఇంటర్వ్యూ లేదు. వంటింట్లో నిలబడే తేల్చేశాం. నేను లేని ఊరికి వాడెలాగూ వెళ్ళడు, పైగా కనెటికట్ ఉండనే ఉంది. వేరేవాళ్ళకి పనికొస్తుంది, కుదరదని మర్యాదగా రాసెయ్యమన్నాడు. ఇంగ్లీషు నాది కాస్త నయమని నేనే రాశాను. మామీ తల ఊపింది. ఆ రోజు అది మంచితనంలాగే ఉంది.

ఫిబ్రవరి చివర్లో వరసలు మూసేసే ముందు డాక్టర్ సాయాస్ మమ్మల్ని మళ్ళీ పిలిచింది. కలిసిన ఊళ్ళతో రాయగలిగిన జంట వరసలన్నీ చూసింది. పేజీ సగం కూడా నిండలేదు.

"కింద ఇంకో రకం రాయొచ్చు," అంది. "ఒకరికి సీటు, ఎదురుగా రెండోవాళ్ళకి ఏమీ లేదు అని. ఇవి రాయలేదనుకోండి, పైవన్నీ పోతే ఇద్దరికీ ఏమీ రాదు. ఇంటికెళ్ళి మాట్లాడుకోండి."

కొట్టు మూసే వేళకి చెప్పాం. మామీ బల్ల తుడుస్తోంది.

"అలాంటివి రాయొద్దు," అంది.

"రాయకపోతే దీనికి ఎక్కడో వచ్చే సీటు కూడా నా వల్ల పోతుంది," అన్నాడు జోమర్.

"నువ్వు లేకుండా అది వెళ్తుందా?"

"వెళ్తుంది. డాక్టరవటానికే కదా ఇంత చదివింది."

"నేను వెళ్ళను," అన్నాను.

"నోర్ముయ్యవే పొట్టీ. నీకు పధ్నాలుగు చోట్ల నుంచి పిలుపులొచ్చినప్పుడు ఇంట్లో డాన్సు చేసింది నేను. ఆ పధ్నాలుగూ ఊరికే నీళ్ళల్లో పోస్తానా?"

మామీ గుడ్డ పిండింది. మళ్ళీ తుడిచిన చోటే తుడిచింది. "సరే, రాస్తారనుకో. నీకుండి దానికి లేనివీ రాస్తారు, దానికుండి నీకు లేనివీ రాస్తారు. ఏవి పైన?"

అదే ఇద్దరం ఆవిడకి చెప్పకుండా దాచుకున్న ప్రశ్న. కంప్యూటర్ పైనుంచి కిందికి చూస్తుంది. ఏదో ఒకటి పైన ఉండాలి. పక్కపక్కన రాయటానికి లేదు.

"వాడివి పైన," అన్నాను. "సర్జరీ దొరకటమే కష్టం. ఒక్కచోటన్నా దొరికితే పోగొట్టకూడదు."

"దీనివి పైన," అన్నాడు జోమర్. "నాకు ఉన్నవే ఐదు."

"అందుకే నీవి పైన ఉండాలి. ఆ ఐదూ అయ్యాక నావి ఎలాగూ ఉంటాయి."

"నువ్వు చెప్పు మామీ," అన్నాడు వాడు.

ఆవిడ మా ఇద్దరి వంకా చూడలేదు. కొట్టు రేకు తలుపు సగం దించి, అలా పట్టుకునే నిలబడింది.

"ఎవర్ని ముందు కన్నానో అడగండి, చెప్తాను. ఎవర్ని ముందు రాయాలో నన్నడక్కండి. రాసుకోండి. నా ముందు మాత్రం వద్దు."

వాడివే పైన రాశాం. వాదనలో నేను గెలిచిన కొద్ది సందర్భాల్లో అదొకటి. గడువయ్యాక ఆ పేజీ మూసుకుపోయింది. ఆ తర్వాత మేం చెయ్యగలిగింది ఏమీ లేదు. వార్డుల్లో రోగుల బీపీలు చూస్తూ, ఎక్కడో ఒక గదిలో మా పేర్లు కిందికి జరుగుతున్నాయా పైకి జరుగుతున్నాయా అని ఆలోచించటమే.

మార్చిలో ఒక సోమవారం సీటు వచ్చిందో లేదో మాత్రం చెప్తారు. ఎక్కడన్నది శుక్రవారం కవర్లో. ఇద్దరం కొట్టు పక్క బెంచీ మీద కూర్చున్నాం. మెయిళ్ళు ఒకేసారి వచ్చాయి. నాది అభినందనలతో మొదలైంది. తలెత్తి జోమర్ మొహం చూశాను. వాడు చదువుతూనే ఉన్నాడు, రెండు లైన్ల మెయిల్‌ని చాలాసేపు.

నాకొచ్చి వాడికి రాలేదంటే కలిసి రాసినవన్నీ పోయాయి, ఆ కింద వాడివీ పోయాయి.

"ఏ వరస?" అంది మామీ లోపల్నుంచి.

"కింది వరస, మామీ," అన్నాడు జోమర్. "నావి పైనే ఉన్నాయి కదా. వాటి పక్కనుంచి కంప్యూటర్ దిగిపోయింది, పలకరించకుండా."

మామీ మూకుడు వైపు తిరిగింది. ఆ పూట వేయించినవాటిలో ఒక్కటి కూడా మాడలేదు. కొనుక్కోవటానికి వచ్చినవాళ్ళకి ఏమీ తెలియలేదు.

కనెటికట్ నుంచి మళ్ళీ మాట రాలేదు. ఆయన అబద్ధం చెప్పాడని నేనిప్పటికీ అనుకోను. పైనే రాసుకుని ఉంటాడు. ఆ పైన ఇంకా చాలామంది ఉండి ఉంటారు.

రానివాళ్ళకి ఆ వారంలోనే రెండో అవకాశం ఉంటుంది. ఎక్కడెక్కడ సీట్లు మిగిలాయో చూపిస్తారు, వాటికి మళ్ళీ దరఖాస్తు పెట్టాలి, ఆసుపత్రులు ఫోన్ చేస్తాయి. జోమర్ సర్జరీ అన్న మాట వదిలేశాడు. ఏది కనపడితే అది పెట్టాడు, ఎన్ని పెట్టనిస్తే అన్నీ. నేను నా చదువు కథ రాసుకున్న కాగితమే తీసి, వాడి పేరుకి సరిపోయేలా మార్చి ఇచ్చాను. మంగళవారం పొద్దున్నుంచి ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వే చెయ్యొచ్చుగా," అంది మామీ. "నోరుంది, ఫోనుంది."

"చెయ్యకూడదు. వాళ్ళు చేస్తేనే మాట్లాడాలి. రూలు."

"నువ్వు చెయ్యకూడదు, సరే. నేను చేస్తే? నేను దరఖాస్తు పెట్టలేదుగా. నా కొడుకు మంచివాడు, వాణ్ణి తీసుకోండి అంటాను. అది కూడా నేరమా?"

"నేరమే మామీ. నన్ను తీసేస్తారు."

"తీసెయ్యటానికి ముందు ఎక్కడన్నా పెట్టాలిగా," అంది ఆవిడ.

దోన్ ఎఫ్రాయిన్ ఫోన్ వంక చూస్తూ కాఫీ తాగాడు. మధ్యాహ్నం ఒకటే కాల్ వచ్చింది, నెబ్రాస్కా నుంచి. జోమర్ లేచి సముద్రం వైపు నడుస్తూ మాట్లాడాడు. మేం ముగ్గురం వాడి వీపు చూస్తూ ఉన్నాం. వీపు నిటారుగా ఉంది, చెయ్యి ఊగుతోంది, ఒకసారి నవ్వాడు కూడా. వెనక్కొచ్చి ఫోన్ మళ్ళీ బల్ల మీద పెట్టాడు. "బాగానే మాట్లాడారు," అన్నాడు వాడే. ఆ మాటకి అర్థం ఏమిటో అప్పటికి మా ముగ్గురికీ తెలుసు.

గురువారం విడతలు విడతలుగా సీట్లకి పిలుస్తారు. ప్రతి విడతకీ తెర తెరిచి చూశాడు. ప్రతిసారీ ఖాళీ. చివరి విడత అయ్యాక కంప్యూటర్ మూసి, చేతులు కడుక్కుని, తురుముపీటా అరటికాయలూ ముందేసుకుని కూర్చున్నాడు. మామీ వాణ్ణి లేపలేదు. గిన్నె వాడి దగ్గరికి జరిపింది.

శుక్రవారం కవర్ల పండగకి నేను వెళ్ళనన్నాను.

"నువ్వు మానేస్తే వాడికొస్తుందా?" అంది మామీ, చర్చికి వేసుకునే నీలం గౌను ఇస్త్రీ చేస్తూ.

"నేనూ వస్తా," అన్నాడు జోమర్. "నాలుగేళ్ళు ఫీజు కట్టాను. కేకు తినకుండా వదుల్తానా?"

హాలంతా బెలూన్లు, తప్పెట్లు, తాతమ్మలూ చంటిపిల్లలూ. ఒక్కొక్కళ్ళే వేదికెక్కి కవరు చింపి మైకులో ఊరి పేరు చదువుతున్నారు. ఒక్కో పేరుకీ ఒక్కో మూల నుంచి కేక. నా వంతు వచ్చింది, కవరు చింపాను. టొలీడో. మైకులో చదివాను. వెనక వరసలో జోమర్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. హాల్లో అందరికంటే పెద్ద ఈల అదే. మామీ రెండు చేతులూ పైకెత్తింది.

కిందికి దిగేసరికి మా క్లాసుమేటు వాళ్ళమ్మ జోమర్ చెయ్యి పట్టుకుని ఊపుతోంది. "మరి మీదెక్కడ, డాక్టర్ బాబూ?"

"నాది అర్రోయో అండీ," అన్నాడు వాడు. "సముద్రం ఎదురుగానే."

"అబ్బ, అక్కడ కూడా ఆసుపత్రి పెట్టారా!" అని ఆవిడ సంతోషించింది.

తిరుగు దారిలో బండి వాడే నడిపాడు. మామీ వెనక సీట్లో, ఒళ్ళో కేకు డబ్బా. నేను ఆలోచించుకున్నది చెప్పేశాను. సీటు వదులుకుంటాను, ఏడాది ఆగుతాను, ఇద్దరం మళ్ళీ కలిసి పెడదాం.

"పిచ్చా?" అన్నాడు జోమర్ రోడ్డు మీంచి కళ్ళు తియ్యకుండా. "సంతకం పెట్టావు. వదులుకుంటే మళ్ళీ ఎవడూ నీ దరఖాస్తు ముట్టుకోడు. వెళ్ళు, ముందు వెళ్ళి దుప్పట్లూ గిన్నెలూ కొనుక్కో. సెప్టెంబరులో నేను మళ్ళీ పెడతా. టొలీడో చుట్టుపక్కలవి పెడతా. ఏడాది ఆలస్యం, అంతే కదా మామీ?"

సాలినాస్ ఊరు దాటాక వెనక నుంచి మామీ గొంతు వినపడింది.

"దాని చుట్టుపక్కల చూడకు. ఎక్కడ పిలిస్తే అక్కడ మాట్లాడు. పేరు తెలీని ఊరైనా సరే. ఎవరికీ కుదరదని రాయొద్దు ఈసారి."

"మరి తుఫానొస్తే?" అన్నాడు జోమర్ తేలిగ్గా, నవ్వించాలని.

"వస్తుంది," అంది మామీ. కిటికీ అద్దం దించుకుంది.

ఇంటికి వెళ్ళకుండా కొట్టు దగ్గరే దిగిపోయింది, నీలం గౌను మీదే ఆప్రన్ కట్టుకుని. జోమర్ టై జేబులో పెట్టుకుని పొయ్యి వెలిగించాడు. అప్పటికే నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ముందున్నావిడ గౌను చూసి మొహం విప్పార్చుకుంది.

"కవర్లు ఈరోజే కదూ, దోన్యా మిగ్దా! ఎక్కడొచ్చింది?"

"అమ్మాయికి ఓహాయోలో," అంది మామీ.

"అబ్బాయికి?"

జోమర్ మాకు వీపు పెట్టి నూనె పోస్తున్నాడు. పోస్తూనే ఉన్నాడు.

"అబ్బాయికి రాలేదు," అంది మామీ. "మీకెన్ని కావాలి?"